మామ ముక్కు, నా సైరను

నేను సైరను వేసుకుని వస్తుంటే పోర్టు నుంచి వచ్చే బొగ్గు లారీలు కూడా పక్కకు జరిగేవి. ఒక్క మా మామ మాత్రం కొట్టు మెట్లు దిగి, రోడ్డు అంచుకొచ్చి, చేతిలో గరిటె ఊపుతూ నన్ను తిట్టేవాడు. బండిలో వెనక ప్రాణం మీదికి వచ్చిన మనిషి, ఆ మనిషి పక్కన ఏడుకొండలవాణ్ణీ కసుమూరు దర్గానూ ఒకే గుక్కలో మొక్కుకుంటున్న బంధువు, రోడ్డు పక్కన నా వంశాన్ని తిడుతున్న పిల్లనిచ్చిన మామ. ఆ వంశంలో సగం ఆయనదే. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. కోపంలో ఉన్నప్పుడు ఈ సంగతి ఆయనకు గుర్తుండేది కాదు.

నాలుగు నెలలు సాగిన గొడవ అది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు రోజూ ఒళ్లు మండేది. నాకు కోపం తొందరగా వస్తుంది. అసలు కోపం రానివాడు నెల్లూరులో అంబులెన్సు నడపలేడని నా అభిప్రాయం. బండి కదలాలంటే డీజిలు ఎంత అవసరమో, దారి దొరకాలంటే తల బయటపెట్టి నాలుగు మాటలు అనడం అంతే అవసరం.

ముందు మామ సంగతి చెప్పాలి. ముత్తుకూరు రోడ్డు ఊళ్లోకి వచ్చి కలిసే నాలుగు రోడ్ల కూడలిలో ఆయనకు కాఫీ పొడి కొట్టు ఉంది. పచ్చి గింజలు తెప్పించి వెనక గదిలో ఇనప డ్రమ్ములో వేయిస్తాడు. ముందు గదిలో మరలో ఆడించి, వేడి చల్లారకముందే పొట్లాలు కట్టి ఇస్తాడు. తన ముక్కు మీద ఉన్నంత నమ్మకం ఆయనకు దేవుడి మీద కూడా ఉండేది కాదు. డ్రమ్ము తిరుగుతుంటే దానికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదివేవాడు. రంగు చూడడు, గడియారం చూడడు. చదువుతూ చదువుతూ లేచి పిడి లాగితే డ్రమ్ము తలుపు తెరుచుకుని గింజలు జలజలా తట్టలో పడేవి. ఒక్క గింజ ఎక్కువ వేగేది కాదు, ఒక్కటి తక్కువ వేగేది కాదు. చుట్టాల ఇంటికి పెళ్లిచూపులకు పెద్దమనిషిగా వెళ్లినా సరే, వాళ్లిచ్చిన కాఫీ వాసన చూసి, సంబంధం సంగతి తర్వాత చూద్దాం, ముందు పొడి మార్చండి అని చెప్పి వచ్చేవాడు.

అలాంటి మనిషికి ఊరంతా తిరిగిన జ్వరం ఒకటి వచ్చి, పదిహేను రోజులు మంచాన పడేసి పోయింది. జ్వరం తగ్గాక ఆయన మామూలుగానే కొట్టు తెరిచాడు. పొడి మాత్రం మామూలుగా లేదు. ఒక వారం మాడు కంపు, ఇంకో వారం పచ్చి పిండి రుచి. కొనుక్కున్నవాళ్లు వచ్చి అడిగితే, కాఫీ తోటల్లో వానలు సరిగ్గా పడలేదని, గింజే మంచిది కాదని చెప్పేవాడు. వానల మీదికి నెపం తోస్తే వానలు వచ్చి కాదనవు కదా.

ఒక మధ్యాహ్నం పేషెంటును దించేసి ఖాళీ బండితో వస్తున్నాను. కొట్టు వెనక గది కిటికీలోంచి నల్లటి పొగ. బండి రోడ్డు మీదే ఆపి, సీటు కింది నుంచి మంటలార్పే సిలిండరు తీసుకుని లోపలికి పరుగెత్తాను. డ్రమ్ములోంచి పొగ సుడులు తిరుగుతోంది. నేను సిలిండరు పిన్ను పీకి డ్రమ్ము మీద, గోడ మీద, గింజల బస్తాల మీద తెల్లటి పొడి కొట్టాను. పొగ కాస్త తేలిపోయాక చూస్తే, మూలన ముక్కాలిపీట మీద మామ. నెత్తిన, మీసాల మీద, చేతిలోని పేపరు మీద తెల్లగా పొడి.

"ఏందబ్బాయా, కొట్టుకు సున్నం కొట్టమని నిన్నెవురన్నా అడిగినారా?" అన్నాడు.

"డ్రమ్ము తగలబడిపోతా ఉంటే పేపర్ చదువుకుంటుండావే, వాసన రాలేదా మామా?" అని అరిచాను.

ఆయన లేచి డ్రమ్ము తలుపు తెరిచి చూశాడు. గింజలన్నీ బొగ్గులు. గరిటెతో వాటిని కదిపాడు. నేను తిట్లకు సిద్ధమయ్యాను. ఆయన తిట్టలేదు.

"నాకు వాసన తెలీడం లేదురా. జొరం వచ్చినప్పట్నించీ" అన్నాడు. "కళ్లల్లో పొగ మండతా ఉండాది గానీ, ఎండకేమో అనుకున్నా."

కూతురికి చెప్పావా అని అడిగాను. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు. "దానికి తెలిస్తే రేపే డ్రమ్ము పాత ఇనుమోడికి ఇచ్చేస్తాది. పొగలో కూసోవద్దు, కంపెనీ పాకెట్లు తెచ్చి అమ్ముకో అని జొరం తగ్గినప్పట్నించీ నా పానం తీస్తా ఉండాది. గింజ ఏయించకపోతే నేనేందిరా? పాకెట్లు అందించే ముసిలోడిని. అంతేగా?" ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లు చూడలేకపోయాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను.

రహస్యం దాచడం నాకు చేతకాదు. మొహంలో కనిపించిపోతుంది. సాయంత్రం అన్నం దగ్గర తల వంచుకుని తింటున్నాను. నా భార్య పప్పు వడ్డిస్తూ, "నాయనకు ముక్కు పని చెయ్యడం లేదు. నాకు తెలిసినట్టు ఆయనకు చెప్పబాక" అంది.

నా భార్య పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్సు చదివి సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టు పెట్టుకుంది. దేన్నైనా విప్పి చూడందే ఆమెకు నిద్ర పట్టదు. మనుషుల్ని విప్పదు గానీ లోపలేముందో తెలిసిపోతుంది. "విరిగిపోయిన పాలు పోసుకుని కాఫీ తాగినాడు బావా. ఎండు నెత్తళ్ల చేపల డబ్బా మూత తెరిచి పెట్టుకుని, దాని పక్కనే కూసోని ఉప్మా తిన్నాడు. ఇంకేం తెలియాల?"

"మరి డ్రమ్ము తీసేయిస్తావా?" అన్నాను.

"మొన్నటిదాకా తీసేయమనే చెప్పినా. ఇప్పుడు తీసేస్తే ఆయన మంచం పడతాడు. ముక్కు పోతే పోయింది, చెవులుండాయి గదా."

అలా తండ్రి రహస్యం కూతురికి తెలుసన్న సంగతిని తండ్రి దగ్గర దాచే ఉద్యోగం నాకు వచ్చింది.

చెవుల మాట ఆమె ఊరికే అనలేదు. కాఫీ గింజ వేగుతూ వేగుతూ ఒక దశలో చిట్‌మని చిట్లుతుంది. మొదట ఒకటి, కాసేపటికి రెండు, ఆపైన పోపులో ఆవాల మాదిరిగా. మామ దాన్ని గింజ పలకడం అంటాడు. పలకడం మొదలయ్యాక ఒక లెక్క ప్రకారం ఆగి దించితే గింజ సరిగ్గా ఉంటుంది. ఇది మామకూ తెలుసు. కానీ ముక్కున్న రోజుల్లో ఆ చప్పుడును ఆయన లెక్కచేసేవాడు కాదు. నా భార్య ఒక పాత ఫోను మైకు పీకి టిఫిను డబ్బాలో పెట్టింది. గింజ పలికితే డబ్బా వింటుంది, లెక్కపెట్టుకుంటుంది, గంట కొడుతుంది, ఒక మోటారు పిడిని లాగేస్తుంది. ఆ మోటారు నేనే తెచ్చాను. మా ఆసుపత్రి షెడ్డులో పడి ఉన్న పాత బండి అద్దాలు తుడిచే వైపరుది.

ఆమె మామను ఒప్పించిన తీరు మాత్రం మెచ్చుకోవాలి. "నాయనా, ఇది నేను కనిపెట్టిన మిషను. దీనికేం తెలీదు. నువ్వు దగ్గర కూసోని నేర్పాల" అంది. మామ డబ్బాను ఎగాదిగా చూసి, "సరే, నేర్చుకోమను" అన్నాడు. ఆ రోజు నుంచి పేపరు పక్కన పడేసి డ్రమ్ముకు ఎదురుగా కూర్చున్నాడు. గింజ పలికినప్పుడల్లా, "ఇన్నావా? అదీ పలకడమంటే. అది తలుపు కిరకిర, దానికి తొందరపడబాక" అని డబ్బాతో మాట్లాడేవాడు. నాకు డ్రైవింగు నేర్పినవాడు కూడా అంత ఓపిగ్గా చెప్పలేదు.

ఐదు రోజులు పొడి అద్భుతంగా వచ్చింది. మామ మీసం మెలేశాడు. ఆరో రోజు నేను ముత్తుకూరు నుంచి పాము కరిచినవాణ్ణి ఎక్కించుకుని, సైరను వేసుకుని కూడలి దాటాను. సిగ్నలు దగ్గర ఇరుక్కుని రెండు నిమిషాలు మోగించాను కూడా. డబ్బా ఆ మోతంతా విని, గింజ ఇంత గట్టిగా పలికిందేమిటా అనుకుని, గంట కొట్టి పిడి లాగింది. పెసల రంగులో ఉన్న గింజలు తట్ట నిండా పడ్డాయి. పాము కరిచినవాడు బతికాడు. ఆ సంగతి చెబుదామని సంతోషంగా కొట్టుకు వెళితే మామ ఒంటికాలి మీద లేచాడు.

"కొట్టు నూరు గజాలుందనంగానే ఆ సైరను ఆపు."

"ఎట్టాపేది మామా? బండిలో మనిషుండాడు."

"డ్రమ్ములో గింజలుండాయి!"

రోజుకు మూడు నాలుగు సార్లు ఆ రోడ్డున రాక తప్పదు, సైరను వేయక తప్పదు. వచ్చినప్పుడల్లా మామ గరిటెతో బయటికి రాకా తప్పదు. మా ఇంటికి పంపే పొడిలో సగానికి సగం చికోరీ కలిపి పంపడం మొదలుపెట్టాడు. కూతురు కూడా అదే తాగుతుందని ఆయనకు తట్టలేదు.

ఆమె ఆ చికోరీని పట్టించుకోనూ లేదు. ఆమె మనసు వేరే దారిలో పరుగెడుతోంది. "బావా, మా డబ్బాకు నీ సైరను ఇంత బాగా ఇనబడతా ఉంటే, దాంతో సిగ్నలే మార్చొచ్చు గదా" అంది.

మా కూడలిలో సిగ్నలు దీపాలు వాటంతట అవి మారేది తక్కువ. కింద ఇనప పెట్టెలో మీట ఉంటుంది. దాన్ని తిప్పేది ఒక హోంగార్డు. నలభై ఏళ్ల మనిషి, నెత్తిన టోపీ, నోట్లో విజిలు, కళ్లల్లో నిప్పులు. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె కష్టం ఆమెది. చుట్టూ లారీల మోతలో సైరను దగ్గరికొచ్చేదాకా వినపడదు, వినపడినా ఏ రోడ్డు నుంచి వస్తోందో తెలియదు. నా భార్య రెండో డబ్బా తయారుచేసి, ముత్తుకూరు రోడ్డులో అర కిలోమీటరు అవతల పంక్చర్లు వేసే కొట్టు గుంజకు కట్టింది. అక్కడ సైరను వినపడితే అందులోని పాత ఫోను కబురంపుతుంది, ఇక్కడ మామ కొట్టు బోర్డు మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. బల్బు చూసి అక్క మీట తిప్పి మా రోడ్డుకు పచ్చ దీపం వేస్తుంది. ప్రభుత్వం వారి వైరు ఒక్కటి కూడా మేం ముట్టుకోలేదు.

నాలుగు రోజులు నేను రాజులా వచ్చాను. నేను దగ్గరయ్యేసరికి పచ్చ దీపం, ఎదురుగా ఖాళీ రోడ్డు. సిగ్నలు దగ్గర ఆగను కాబట్టి సైరను కొట్టు ముందు నిమిషాల తరబడి మోగదు, డబ్బా మోసపోదు. మామ మళ్లీ మా ఇంటికి చికోరీ లేని పొడి పంపాడు. నా వెనక ఇరవై మోటారు సైకిళ్లు తోకలాగా రావడం మాత్రం మానలేదు. మా ఊళ్లో అంబులెన్సుకు దారివ్వని మనిషి ఉండడు. దారిచ్చి, వెంటనే దాని వెనకే పడి తనూ దాటిపోనివాడూ ఉండడు.

ఐదో రోజు నుంచి బల్బు పిచ్చిపట్టినట్టు వెలగసాగింది. ఎవరి పనో కనుక్కునేసరికి వారం పట్టింది. రొయ్యల వ్యాన్లు. ముత్తుకూరు వైపు గుంటల్లోంచి రొయ్యలు పట్టి, ఐసులో వేసి, ఐసు కరిగేలోపు చేర్చాలని వాళ్ల హడావిడి. వాళ్లలో ఎవడో పంక్చరు వేయించుకుంటూ గుంజ మీది డబ్బాను చూసి, అదేందని అడిగాడు. పంక్చర్లాయన గర్వంగా అంతా వివరించాడు. ఆ వ్యాను వాడు హారను వదలకుండా నొక్కి చూస్తే కూడలిలో పచ్చ దీపం పడింది. మర్నాటికల్లా ఆ రోడ్డున తిరిగే రొయ్యల వ్యాన్లన్నిటికీ ఏడుపు రాగం తీసే హారన్లు వచ్చేశాయి. పంక్చర్ల కొట్టు దగ్గర ఏడుపు మొదలుపెట్టి కూడలి దాటేదాకా ఆపేవాళ్లు కాదు.

దాంతో అక్క పొద్దున్నుంచి రొయ్యలకు సలాం కొడుతోంది. మామ డ్రమ్ము నా ఒక్కడికే కాక రొయ్యలన్నిటికీ తెరుచుకుంటోంది. ఒకరోజు బల్బు వెలిగితే అక్క మిగతా మూడు రోడ్లూ ఆపింది. ఆగినవాటిలో పెద్ద అధికారి కారు ఒకటి ఉంది. అందరూ ఊపిరి బిగబట్టి అంబులెన్సు కోసం చూస్తుంటే, ఐసు నీళ్లు కార్చుకుంటూ, ఏడుపు రాగం తీసుకుంటూ రొయ్యల వ్యాను నింపాదిగా దాటిపోయింది. డ్రైవరు అక్కకు చెయ్యి ఊపి మరీ వెళ్లాడట.

అక్క తిన్నగా కొట్టుకొచ్చి బల్బు పీకి మామ ముందు పెట్టింది. "పెద్దాయనా, నీకో దండం, నీ కూతురికో దండం. ఆ ఆఫీసరు కారు అద్దం దించి, రొయ్యల్ని ఏ ఆసుపత్రిలో చేరుస్తారమ్మా అని అడిగినాడు. నేనేం చెప్పాల?" మామ నవ్వాపుకోలేక మర వెనక్కి వెళ్లాడు. అక్క కూడా కాసేపటికి నవ్వింది గానీ బల్బు మాత్రం తిరిగి పెట్టనివ్వలేదు. ఇక మీదట నేను వచ్చే ముందు ఆమెకు ఫోన్ చేయించాలి, అంతే. నా భార్య రెండు డబ్బాలూ విప్పి అట్టపెట్టెలో పడేసింది. ఏడుపు హారన్లు మాత్రం వ్యాన్లకు అలాగే ఉండిపోయాయి.

సరిగ్గా ఆ వారంలోనే బుచ్చిరెడ్డిపాలెం నుంచి కబురొచ్చింది. అక్కడ వడ్ల వ్యాపారం చేసే ఒక కుటుంబం మామ తండ్రి కాలం నుంచీ మా పొడే తాగుతోంది. ఇంటి పెద్దాయనకు షష్టిపూర్తి. ఆయన తల్లి స్వయంగా ఫోన్ చేసింది. "నాయనా, పోయిన రెండు దఫాలూ వచ్చింది నీ చేతి పొడి కాదు. ఎవురి చేతనో ఏయించినావు. ఈసారన్నా నువ్వే ఏయించి పంపు. లేదంటే చెప్పు, ఇంకోచోట చూసుకుంటాం" అంది.

మామ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఈ వాయి కుదరకపోతే డ్రమ్ము నేనే ఇచ్చేస్తా. ఎవురూ చెప్పాల్సిన పని లేదు." ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే నాకు భయం వేసేది కాదు. మామూలుగా అన్నాడు.

నా భార్య అప్పుడే లోపలికి వచ్చింది. అంతా విన్నట్టుంది. "డబ్బాకు నేర్పినావు గదా నాయనా. అది ఇన్నప్పుడు నువ్వూ ఇన్నావు. డబ్బాకన్నా ముందు నువ్వే చెప్పేవోడివి. ఇంక దాంతో పనేముంది? ముక్కుతో పనేముంది?"

మామ తల తిప్పి ఆమెను చూశాడు. "నీకు తెలుసా?"

"పాలు విరిగినప్పట్నించీ తెలుసు."

మామ నన్ను చూశాడు. "నేను చెప్పలా మామా!" అని గట్టిగా అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

ఆయన డ్రమ్ము పిడిని ఒకసారి తట్టాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "ఈ రోడ్డు మోతలో ఇనపడేదెట్టమ్మే?" అది న్యాయమైన ప్రశ్న. తెల్లవారుజామున రొయ్యలు, పగలు బస్సులు, రాత్రి బొగ్గు లారీలు. మా కూడలి ఒక్క నిమిషం కూడా నోరు మూసుకోదు. కూతురు చెవి డ్రమ్ము దగ్గరగా పెట్టి వినమంది. కాసేపు బళ్లు ఆపమని అక్కను అడిగితే, "కాఫీ కోసం ట్రాఫిక్ ఆపితే నన్ను ఇంటికి పంపిస్తారు. అంబులెన్సు వస్తే మాత్రం ఆపతా, అది నా డ్యూటీ" అంది.

మర్నాడు పదకొండు గంటలప్పుడు నేను ముత్తుకూరు నుంచి వస్తున్నాను. వెనక బల్ల మీద కాలు విరిగిన కూలీ, వాడి దగ్గర నర్సు, నా పక్కన ముందు సీట్లో వాడి బావమరిది. ఫోన్ మోగితే తీసి నా చెవికి పెట్టమన్నాను. నా భార్య.

"బావా, నాయన డ్రమ్ములో గింజలు పోసినాడు. ఇంకో మూడు నాలుగు నిమిషాల్లో పలకాల. నువ్వు సైరనేసుకుని రాబాక."

నాకు నషాళానికి అంటింది. "మీ నాయనకు ఇప్పుడే దొరికిందా ముహూర్తం? నా బండిలో మనిషి అరస్తా ఉండాడు!" అన్నాను. ఆమె సరేనని పెట్టేసింది. బతిమాలి ఉంటే నేనింకా తిట్టేవాణ్ణి. సరేననేసరికి తిట్టడానికి ఏమీ మిగలలేదు. పేషెంటు ముఖ్యం, అందులో రెండో మాట లేదు. కానీ పిడి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన మామ కళ్ల ముందు నుంచి కదలలేదు. నా సైరను ఆయన చెవిలో మోగే సమయానికే గింజ పలికితే, ఆయన డ్రమ్ము తన చేతులతో తనే ఇచ్చేస్తాడు.

అక్క నంబరు నొక్కమని కూలీ బావమరిదికి చెప్పాను. నేను చెప్పినది చెప్పినట్టు అతను ఫోన్లో చెప్పాడు. "అక్కా, అంబులెన్సన్న చెప్పమంటుండాడు. మూడు నిమిషాల్లో వస్తుండాం. రోడ్డు మొత్తం ఖాళీగా ఉంటేనే సైరను ఆపతాడంట. లేకుంటే మోగిస్తాడంట. మీకు అర్థమవతాది అంటుండాడు." అటునుంచి ఆమె ఏమందో నాకు వినపడలేదు. అతను ఫోన్ దించి, "'తమ్ముడా, వచ్చెయ్' అనింది" అన్నాడు.

పంక్చర్ల కొట్టు దాటి మలుపు తిరిగాను. నా సర్వీసులో అలాంటి దృశ్యం చూడలేదు. నాలుగు రోడ్ల మీదా బళ్లు పక్కకు జరిగి ఆగి ఉన్నాయి, మధ్యలో నా దారి ఖాళీ. కూడలి మధ్యలో అక్క ఒక్కతే నిలబడి ఉంది. "అంబులెన్సొస్తా ఉండాది. ఇంజిన్లు ఆపండి! హారన్ కొట్టినోడి తాళంచెవి నా జేబులో ఉంటాది!" అని అరుస్తోంది. ఎదురుగా వరసలో రొయ్యల వ్యాను ఒకటుంది. అక్క దానివైపే తిరిగి డ్రైవరు కళ్లలోకి చూస్తోంది. అతను రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసేసి పైకెత్తాడు.

నేను సైరను ఆపాను. వేలు మాత్రం స్విచ్చి మీదే ఉంచాను. ఎవడైనా అడ్డం వస్తే మళ్లీ వేసేయాలని. ఎవడూ రాలేదు. కాలు విరిగినవాడు వెనక నుంచి, "సైరన్ ఎందుకాపినావన్నా, నేను పోయినానా?" అని అరిచాడు. "నువ్వు బాగానే ఉండావు, ఒక్క నిమిషం అరవకుండా ఉండు సామీ" అన్నాను. వాడు నిజంగానే నోరు మూశాడు.

కొట్టు పక్కన దాటుతూ చూశాను. వెనక గది కిటికీలోంచి మామ కనిపించాడు. నడుం వంచి, చెవి డ్రమ్ము వైపు పెట్టి, కళ్లు మూసుకున్నాడు. కుడి చెయ్యి పిడి మీద. పక్కన నా భార్య, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆయన ఎడమ చెయ్యి పైకి లేచింది, వేళ్లు ఒక్కొక్కటే మడవడం మొదలుపెట్టాడు. అంటే గింజ పలికింది. నాకూ వినపడిందని నేనంటాను. నడుస్తున్న బండిలో నీకెట్ట ఇనబడతాదని నా భార్య అంటుంది. ఏదైతేనేం, ఆ రోజు నేను ఆ కూడలి దాటినంత తొందరగా ఎప్పుడూ దాటలేదు. దాటి కాస్త దూరం పోయాక మళ్లీ సైరను వేశాను.

ఆ పొడి సంగతి ముందే చెప్పేస్తాను. అది బుచ్చిరెడ్డిపాలెం వెళ్లింది. ఆ పెద్దావిడ ఫోన్ చేసి, "చూసినావా, నువ్వు ఏయిస్తే ఎట్టుంటాదో" అని మామనే మందలించింది. కానీ అది రెండు రోజుల తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం పేషెంటును అప్పగించి నేను కొట్టుకు వెళ్లాను. తట్ట నిండా గింజలు, ఒకటే రంగు, నిగనిగలాడుతున్నాయి. మామ వాటి ముందు కూర్చుని ఉన్నాడు. నా భార్య నన్ను చూడగానే, "బాగుండాయి నాయనా అంటే నమ్మడం లేదు బావా" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అది నా కూతురు. బొగ్గులు చూపించినా బాగుండాయనే అంటాది" అన్నాడు మామ. "హోంగార్డమ్మకు మొగమాటం. నువ్వు చెప్పు. అబద్ధమాడేంత ఓపిక నీకు లేదు."

ఆయన నా అభిప్రాయం అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. దోసిలి నిండా గింజలు తీసి వాసన చూశాను. "బాగుండాది మామా" అన్నాను.

"బాగుండాదంటే ఏందిరా? వాసన చెప్పు."

వాసనకు మాటలు పెట్టాల్సిన అవసరం నాకెప్పుడు పడింది? మళ్లీ పీల్చాను. "అమ్మ వేరుశనక్కాయలు ఏయించి బెల్లం పాకంలో పోసేది గదా మామా. ఆ పాకం గిన్నె అంచున రవ్వంత మాడినప్పుడు వస్తాదే, అదుండాది."

"మా అక్క చేతి పాకమా?" ఆయన కళ్లు మూసుకున్నాడు. "దాని ఎనకాల పుల్లగా ఏమన్నా ఉండాదా? నిమ్మతొక్క గిల్లినట్టు?"

చూశాను. ఉంది. నేనెప్పుడూ గమనించలేదు గానీ ఉంది. ఉండాది మామా అన్నాను.

"పొగ?"

"ల్యా, రవ్వంత కూడా ల్యా."

"పచ్చి?"

"ల్యా మామా, ఒట్టు."

మామ ఒక గుప్పెడు గింజలు తీసుకుని, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన ఆ గింజల్ని నా చేతిలో పోసి, గుప్పిట మూసి, తన చెయ్యి పైన పెట్టాడు.

"ఇంకోసారి చెప్పురా" అన్నాడు.

నేను గుప్పిట ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ వేరుశనక్కాయల దగ్గర్నుంచి మొదలుపెట్టాను.